ఉల్లిపొర రంగు

మా సార్ నన్ను తిట్టేటప్పుడు నవ్వేవాడు. ఎదురుగా ఉన్నన్నాళ్ళూ ఆయన్ని గారు అన్నాను, మీరు అన్నాను, తలుపు దగ్గర పక్కకు తప్పుకుని దారిచ్చాను. ఇప్పుడు రాసుకునేటప్పుడు కూడా ఆ మర్యాదలన్నీ పాటించడం నావల్ల కాదు.

ఆయన ల్యాబ్ నార్త్ కరోలినాలో ఒక యూనివర్సిటీలో ఉండేది. మోరిస్‌విల్‌లో నేనుండే అపార్ట్‌మెంట్ నుంచి కారులో పావుగంట. ల్యాబ్ మొత్తానికి తెలుగువాళ్ళం ఇద్దరమే, ఆయనా నేనూ. మిగతా అందరితో ఇంగ్లీషు మాట్లాడేవాడు. "గ్రేట్ జాబ్", "టేక్ యువర్ టైమ్", "హౌ వజ్ యువర్ వీకెండ్". ఆ ఇంగ్లీషు మాట్లాడే మనిషిని చూస్తే ఎంత ఉత్తముడో అనుకుంటారు. నా బెంచి దగ్గరికి వచ్చేసరికి తెలుగులోకి దిగేవాడు, దిగితే తిట్లే. ఎప్పుడన్నా మంచి మాట చెప్పాల్సొస్తే నాతో కూడా ఇంగ్లీషులోనే చెప్పేవాడు.

"ఎవడిచ్చాడమ్మా నీకు పీహెచ్‌డీ? సంతలో కొనుక్కొచ్చావా?" అనేవాడు, కొంచెం ముందుకు వంగి, పెదాల మీద నవ్వు చెదరకుండా, పెళ్ళిలో వియ్యపురాలిని పలకరిస్తున్నంత మెత్తగా. "బుర్రలో ఏముంది నీకు, బురదా? ఇంటికి పోయి గేదెల్ని కడుక్కోరాదూ?"

నా పక్క బెంచి ఒక అమెరికన్ అమ్మాయిది. నాలాగే పీహెచ్‌డీ అయ్యాక ల్యాబ్‌లో పనిచేసే పోస్ట్‌డాక్, మంచి పిల్ల. మొదటిసారి ఆయన అలా తిట్టి వెళ్ళాక, "ఏమన్నారు?" అని అడిగింది. నా మొహం కందగడ్డలా అయిపోయింది. మన తిట్లు పరాయివాళ్ళ ముందు పరిచి చూపించుకోవడానికి మనసొప్పలేదు. "లంచ్ అయిందా అని అడిగారు," అన్నాను. ఆ పిల్ల గుండె మీద చెయ్యి వేసుకుని, "హీ ఈజ్ సో స్వీట్," అంది. అదే ఖాయమైపోయింది. ఆ తర్వాత ఆయన ఎప్పుడు నవ్వుతూ తెలుగులో నా మీద విరుచుకుపడ్డా, ఆ పిల్ల దూరం నుంచే "లంచ్?" అన్నట్టు సైగ చేసేది, నేను తలూపేదాన్ని. నా తిండి గురించి ఇంత బెంగపడే బాస్ ప్రపంచంలో లేడని ల్యాబంతా చెప్పుకునేవాళ్ళు. అది విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది.

ఎందుకు పడ్డానంటే, నా హెచ్-1బి ఆయన చేతిలో ఉంది. ఆ వేసవికి అది అయిపోతుంది. ఎక్స్‌టెన్షన్ కోసం ఆయన యూనివర్సిటీకి ఒక మాట చెప్పాలి. దానికి ఆయన పెట్టిన షరతు ఒక్కటే. "పురుగు పేపర్ బయటికి రానీ, అప్పుడు చూద్దాం." ఆ పేపర్లో మొదటి పేరు నాది. అది వస్తే వీసా నిలబడుతుంది, గ్రీన్‌కార్డ్‌కి అప్లై చేసుకునే దారి దొరుకుతుంది. రాకపోతే పెట్టె సర్దుకోవాలి. నేను కుక్కిన పేనులా పడి ఉన్నది అందుకే.

ఇక ఆ పురుగు. సముద్రపు ఒడ్డున బురదలో బొరియలు చేసుకుని బతికే జీవి. ముట్టుకుంటే ముడుచుకుపోయి అచ్చం వేరుశెనగకాయలా అవుతుంది. ఇక్కడివాళ్ళు దాన్ని పిలిచేది కూడా ఆ పేరుతోనే. దానికి కళ్ళూ కాళ్ళూ లేవు, చూడ్డానికి అందమూ లేదు. కానీ దాని రక్తం నాకు ఇష్టం. మన రక్తంలో ఆక్సిజన్‌ని మోసే ఇనుము హీమ్ అనే ఒక పళ్ళెం మధ్యలో కూర్చుని ఉంటుంది. ఈ పురుగు ప్రోటీన్ పేరు హెమెరిత్రిన్. పేరులో హీమ్ ఉన్నట్టు వినిపిస్తుంది గానీ లోపల ఆ పళ్ళెం లేదు. నాలుగు మెలికల చుట్టలు పక్కపక్కన నిలబడి ఉంటాయి, వాటి నడుమ రెండు ఇనుప పరమాణువులు, రెంటినీ కలుపుతూ ఒక ఆక్సిజన్ వంతెన. పురుగు పీల్చుకున్న ఆక్సిజన్ ఆ రెండు ఇనుముల్లో ఒకదానికే అతుక్కుంటుంది. రెండోదాని చుట్టూ ఖాళీ ఉండదు. ఒకటి పట్టుకుంటుంది, ఇంకొకటి పక్కనుండి సాయం చేస్తుంది. ఇంత వికారపు పురుగులో ఇంత పొందికైన పనితనం చూసి నేను నిజంగా ముచ్చటపడ్డాను.

మొదటిసారి పురుగుల కోసం సముద్రానికి వెళ్ళినప్పుడు ఆటు సమయానికి బురదలో మోకాళ్ళ దాకా దిగి పారతో తవ్వింది నేనూ పక్క బెంచి పిల్లా. సార్ గట్టు మీద కాఫీ కప్పు పట్టుకుని నిలబడ్డాడు. "ఆ పార పట్టుకోవడం చూడు! పట్నం పిల్లవి, మీ ఇంట్లో పూలకుండీ కూడా లేదేమో!" అని అక్కణ్ణుంచి నవ్వుతూ కేక వేశాడు. "లంచ్?" అంది పక్క పిల్ల, బురద మొహంతో. "లంచ్," అన్నాను.

ఆ మధ్యాహ్నం ల్యాబ్‌కి తెచ్చి ఒక పురుగుని కోశాను. గాలి ఆడని బురదలోంచి వచ్చింది కాబట్టి రక్తానికి దాదాపు రంగే లేదు, నీళ్ళు కలిపిన గంజిలా ఉంది. ట్యూబ్ మూత తీసి కొంచెం ఊపాను. గాలి తగిలింది. చూస్తుండగానే రంగు ఎక్కింది. ఎర్రుల్లిపాయ పైపొర రంగు, చీరల కొట్లో ఉల్లిపొర రంగు అంటారే, అది. లోపల ఇనుము ఆక్సిజన్‌ని పట్టుకుంది కాబట్టి ఆ రంగు. ఆక్సిజన్ వదిలేస్తే మళ్ళీ రంగు పోతుంది. ఆ క్షణంలో ల్యాబ్‌లో తిట్లూ వీసా ఏవీ గుర్తు రాలేదు నాకు.

ఇప్పుడు అజైడ్ సంగతి చెప్పాలి. సోడియం అజైడ్ ఒక తెల్లటి విషపు పొడి. ప్రోటీన్‌ని నిలవ ఉంచే నీళ్ళల్లో, బఫర్ అంటాం వాటిని, చిటికెడులో చిటికెడు వేస్తే బూజూ బాక్టీరియా పట్టవు. మా సార్‌కి అది ఒక వ్రతం. ఆయన చదువుకునే రోజుల్లో బూజు పట్టి ఏవో ప్రయోగాలు పాడయ్యాయట. అప్పటినుంచీ ఏ బఫర్ కలిపినా, ఏ సీసా అయినా, చివర అజైడ్ పడాల్సిందే. కొత్తగా చేరిన రోజుల్లో నేను ఒక సీసాలో వెయ్యడం మర్చిపోయాను. దాంట్లో దూదిలా ఏదో తేలింది. సార్ ఆ సీసాని అందరి ముందూ వెలుతురుకి ఎత్తి పట్టుకుని, నవ్వుతూ, "ఇది నీ మెదడు. ల్యాబ్‌లో పెట్టి పెంచుతున్నావా?" అన్నాడు. ఆ రోజు నుంచి పొరపాటున కూడా అజైడ్ మర్చిపోలేదు. అన్నంలో ఉప్పు మర్చిపోయానేమో గానీ బఫర్లో అజైడ్ మర్చిపోలేదు.

పరమాణువుల అమరిక చూడాలంటే ప్రోటీన్‌ని స్ఫటికంగా మార్చాలి. హెమెరిత్రిన్‌ని శుభ్రం చేసి స్ఫటికాలు పెంచడానికి నాకు వారాలు పట్టింది. అన్ని వారాలూ అది అజైడ్ నీళ్ళల్లోనే నానింది. చివరికి ఆవగింజలో సగం లేని స్ఫటికాలు వచ్చాయి. వాటి మీద ఎక్స్‌రేలు పడ్డాయి, లెక్కలు కట్టాం, స్క్రీన్ మీద మ్యాప్ వచ్చింది. మ్యాప్ అంటే పరమాణువులు ఉన్నచోట నీలం రంగు వల ముద్దలా కనిపించే బొమ్మ. ఇనుముల పక్కన, ఆక్సిజన్ కూర్చోవాల్సిన చోటే, ఒక ముద్ద ఉంది.

సార్ ఆ రోజు తొలిసారి నా భుజం తట్టాడు. "ఫెంటాస్టిక్! వీ హావ్ ఆక్సిజన్!" అన్నాడు. ఈ జాతి పురుగులో ఆక్సిజన్ కూర్చున్న తీరు ఇంతవరకూ ఎవరూ చూపించలేదని ఆయన సంబరం. ఆ ఆదివారం ఒక తెలుగువాళ్ళ ఇంట్లో, తలో వంటా తెచ్చుకునే పాట్‌లక్‌కి వెళితే అక్కడున్న అంకుల్స్‌కీ ఆంటీలకీ నన్ను చూపించి, "మా అమ్మాయి, నా ల్యాబే. నేనే దగ్గరుండి ట్రైన్ చేశాను," అన్నాడు. చేతిలో పులిహోర ప్లేటు లేకపోతే ఏం చేసేదాన్నో తెలియదు.

నాకు మాత్రం ఆ ముద్ద నచ్చలేదు. ఆక్సిజన్ అంటే రెండు పరమాణువులు. ముద్ద దానికన్నా పొడుగ్గా ఉంది. రెండు పరమాణువులు పెడితే చివర కొంత మిగిలిపోతోంది. సార్‌కి చూపిస్తే, "మిగిలింది నీళ్ళు. పక్కన ఒక నీటి అణువు పెట్టి మూసెయ్," అన్నాడు. పెట్టాను. కానీ ఇనుముకి అంత దగ్గరగా, ఆక్సిజన్‌కి ఆనుకుని నీళ్ళు నిలబడడం ఎక్కడా చూడలేదు. ఆ అమరిక చూసినప్పుడల్లా కంట్లో నలుసు పడ్డట్టుండేది.

ఒక పొద్దున్న తర్వాతి విడతకి కొత్త పురుగుని కోశాను. తాజా రక్తం ట్యూబు ఒక చేతిలో, స్ఫటికాలు తీయగా మిగిలిన పాత ప్రోటీన్ ట్యూబు ఇంకో చేతిలో. కిటికీ దగ్గర వెలుతురు బాగుంది. తాజాది ఉల్లిపొర రంగు. పాతది ఇటుకపొడి కలిపిన టీ రంగు. అప్పటిదాకా తాజాదాన్నీ పాతదాన్నీ కలిపి చూసింది లేదు, స్ఫటికాల్నయితే మైక్రోస్కోప్ పసుపు దీపం కింద తప్ప చూడలేదు, అందులో అన్నీ ఎర్రగానే కనిపిస్తాయి. రెండు ట్యూబుల్నీ పక్కపక్కన పెట్టి గుడ్లప్పగించి నిలబడిపోయాను. అది ఆక్సిజన్ రంగు కాదు.

అజైడ్. మూడు నైట్రోజన్లు వరుసగా, కర్రలా, ఆక్సిజన్ కన్నా ఒక పరమాణువు పొడుగు. నిలవ ఉన్న హెమెరిత్రిన్ తుప్పు పట్టినట్టు పాడైపోతుంది, అప్పుడిక ఆక్సిజన్‌ని పట్టుకోలేదు. అజైడ్‌ని మాత్రం గట్టిగా పట్టుకుంటుంది, సరిగ్గా ఆక్సిజన్ కూర్చునే కుర్చీలోనే కూర్చోబెట్టుకుంటుంది. ఈ ప్రోటీన్ మీద పనిచేసే పాతవాళ్ళకి ఇది అఆల్లాంటిది. మా సార్ జీవితమంతా బాక్టీరియా ఎంజైముల మీద పనిచేసి కొత్తగా పురుగుల్లోకి వచ్చాడు. తెలుసుకోవాలని ఆయనకి తోచలేదు, నాకు తోచనివ్వలేదు. ఆయన వ్రతం, నా చిటికెడు, ఈ ఇటుక రంగు.

పరీక్ష తేలిక. ట్యూబుకి రబ్బరు మూత బిగించి లోపలికి నైట్రోజన్ పంపితే ఆక్సిజన్ వెళ్ళిపోతుంది. పట్టుకున్నది ఆక్సిజనే అయితే రంగు పోవాలి. తాజా రక్తం తెల్లబడింది. పాతది నిమ్మకు నీరెత్తినట్టు అలాగే ఉంది.

ఆ సాయంత్రం అపార్ట్‌మెంట్‌లో మా రూమ్మేట్‌కి చెప్పాను. తనది కరీంనగర్, ఇక్కడి ఆర్‌టీపీ టెక్ పార్కులో సాఫ్ట్‌వేర్. చపాతీలు చేస్తూ విన్నది.

"ఆయనే చెప్పిండు కదనే ఆక్సిజన్ అని? నువ్వు చెప్పలే. గమ్మునుండు. పేపర్ రానియ్యి, ఎక్స్‌టెన్షన్ ఫైల్ చేయించుకో, తర్వాత ఏమన్న చేస్కో."

"తర్వాత ఎవడన్నా పట్టుకుంటే మొదటి పేరు నాదే కదా."

"పట్టుకునేటోడు ఎప్పుడో పట్టుకుంటడు. నీ వీసా ఈ సమ్మర్‌ల పోతది."

తనన్నదీ నిజమే. రాత్రంతా ఆ మాటే తిరిగింది. కానీ పేపర్లో మొదటి పేరుగా నేనుంటాను, కింద అది ఆక్సిజన్ అని అచ్చవుతుంది, అది ఆక్సిజన్ కాదని నాకు తెలుసు. ఆ పురుగు రక్తం రంగెక్కడం నేను నా కళ్ళతో చూశాను. దాని గురించి అబద్ధం చెప్పడం నా చేత కాదనిపించింది. పైగా అది ఆయన కోసం చెప్పాల్సిన అబద్ధం. అది అసలు చేత కాదు.

మర్నాడు సార్ గదికి వెళ్ళి రెండు ట్యూబులూ టేబుల్ మీద పెట్టి మొత్తం చెప్పాను. ఆయన లేచి తలుపు మూశాడు. గదిలో చూసేవాళ్ళు ఎవరూ లేరు కాబట్టి ఈసారి నవ్వలేదు.

"అజైడ్ వేసింది ఎవరు?"

"మీరే కదా సార్, ప్రతి బఫర్లో వెయ్యమన్నది."

"నేను వెయ్యమంటే నీకు బుద్ధుండక్కర్లా? చదువుకోలా? ఇప్పుడొచ్చి నాకు నీతులు చెబుతున్నావా?"

"మళ్ళీ చేద్దాం సార్. అజైడ్ లేకుండా, నైట్రోజన్లో శుభ్రం చేసి. కొన్ని నెలలు పడుతుంది, అంతే."

"కొన్ని నెలలు నువ్వుంటేగా?" అన్నాడు. "చూడమ్మా. ఆ ముద్ద చివర నీళ్ళు. నీ ఎక్స్‌టెన్షన్ నా నోటి మాట మీద ఉంది. నోరు మూసుకుని పని చూసుకో. పో."

రెండు ట్యూబులూ తీసుకుని వచ్చేశాను. అరికాలి మంట నెత్తికెక్కడం అంటే ఏమిటో అప్పుడు తెలిసింది. తప్పు ఆయనది, ఆయనకి తెలుసు, తెలిసి కూడా ఆయన గొంతులో ఎక్కడా సిగ్గు లేదు.

ఆ వారం గ్రూప్ మీటింగ్‌లో సార్ స్వయంగా పేపర్ బొమ్మలు స్క్రీన్ మీద పెట్టాడు. బల్ల మీద బేగెల్స్, కాఫీ, అందరూ ఉన్నారు. "వచ్చే వారం జర్నల్‌కి పంపించేస్తున్నాం," అన్నాడు. అంతా చప్పట్లు కొట్టారు. అప్పుడు పక్క బెంచి పిల్ల ముందుకు వంగి, ఏ దురుద్దేశమూ లేకుండా అడిగింది, ఆ ముద్ద ఆక్సిజన్‌కి కొంచెం పొడుగ్గా ఉంది కదా, ఏమిటది అని.

"వాటర్," అన్నాడు సార్. తర్వాత నావైపు తిరిగి, ఆ నవ్వు నవ్వి, ఆ మెత్తని గొంతుతో, "నీళ్ళే అని చెప్పు. ఇంకొక్క మాట మాట్లాడావంటే ఈ నెలలోనే పెట్టె సర్దుకుంటావు, గుర్తుపెట్టుకో," అన్నాడు.

అందరూ నావైపు చూశారు. పక్క పిల్ల నవ్వింది. "లెట్ మీ గెస్. లంచ్?"

తల ఊపితే సరిపోయేది. మూడేళ్ళుగా ఊపుతూనే ఉన్నాను, మెడకి అలవాటైపోయింది.

"కాదు," అన్నాను. ఇంగ్లీషులో, నిదానంగా, ఏమీ కలపకుండా ఏమీ తీసెయ్యకుండా చెప్పాను. "అది నీళ్ళే అని చెప్పమన్నారు. ఇంకొక్క మాట మాట్లాడితే ఈ నెలలోనే పెట్టె సర్దుకుంటానని గుర్తుపెట్టుకోమన్నారు."

సార్ మొహం మీద నవ్వు అలాగే ఉండిపోయింది, దాన్ని ఎక్కడ పెట్టాలో ఆయనకి తెలియలేదు. "షీ ఈజ్ జోకింగ్," అన్నాడు. "మా తెలుగువాళ్ళం ఇలాగే సరదాగా మాట్లాడుకుంటాం."

"మూడేళ్ళలో," అన్నాను పక్క పిల్లతో, "ఆయన నన్ను లంచ్ గురించి ఒక్కసారి కూడా అడగలేదు."

ఆ పిల్ల నవ్వు మెల్లగా ఆరిపోయింది. తను గుర్తు చేసుకుంటోందని తెలుస్తూనే ఉంది, ఆ గట్టు, ఆ సీసా, అన్నీ. నేను సంచిలోంచి రెండు ట్యూబులు తీసి బల్ల మీద పెట్టాను. నైట్రోజన్ పట్టించి బిగించిన రబ్బరు మూతలు. ఒకటి గంజిలా, ఒకటి ఇటుక రంగులో. "రెండిట్లోనూ ఆక్సిజన్ తీసేశాను," అన్నాను. "మూతలు తియ్యి."

పక్క పిల్ల తీసి ఊపింది. గంజి ట్యూబు చూస్తుండగానే ఉల్లిపొర రంగుకి తిరిగింది. ఎవరో "ఓహ్" అన్నారు. ఇటుక రంగు ట్యూబు ఇందాక ఎలా ఉందో అలాగే ఉంది. "ఇది అజైడ్," అన్నాను. "మన ప్రతి సీసాలో ఉండేదే." ఇక వివరించాల్సిన పని పడలేదు, ఆ గదిలో అందరూ అజైడ్ వేసి వేసి చేతులు కాయలు కాసినవాళ్ళే.

పేపర్ ఆగిపోయింది. నా ఎక్స్‌టెన్షన్ కూడా ఆగిపోయింది. ఫండింగ్ సరిపోవడం లేదని ఆఫీసు నుంచి మర్యాదగా ఒక ఈమెయిల్ వచ్చింది. ఆర్‌టీపీలో ఒక చిన్న నాన్‌ప్రాఫిట్ రీసెర్చ్ సంస్థ నా వీసా ట్రాన్స్‌ఫర్ చేసుకుంది. అక్కడ పురుగులు లేవు, ఎవరి రక్తమూ రంగు మారదు. గ్రీన్‌కార్డ్ ఆశ మళ్ళీ మొదటికొచ్చింది. రూమ్మేట్ "నేను చెప్పిన కదనే" అని ఒక్కసారే అని, తనే నన్ను కొత్త ఆఫీసుకి డ్రాప్ చేసింది. అసలైన స్ఫటికం, అజైడ్ లేనిది, పక్క బెంచి పిల్ల ఇప్పుడు పెంచుతోంది. నాకు ఫోటో పంపింది. ఉల్లిపొర రంగు. సంతోషమే, కానీ ఏడుపొచ్చింది, అది నా పురుగు.

ఆ మీటింగ్ తర్వాత సార్ నాతో తెలుగులో ఒక్క ముక్క మాట్లాడలేదు. అంతా ఇంగ్లీషే, అంతా మర్యాదే. నేను వెళ్ళిపోయే రోజున అందరూ కలిసి కేక్ తెప్పించారు. సార్ వచ్చి బల్ల చివర నిలబడ్డాడు. "వీ విల్ ఆల్ మిస్ యూ," అన్నాడు. "యూ హావ్ బీన్ లైక్ ఫ్యామిలీ."

"అదే మాట తెలుగులో చెప్పండి సార్," అన్నాను తెలుగులో. "వీళ్ళకి నేను చెబుతాను."

అర్థం కాకపోయినా అందరూ ఆయన వంక చూశారు. సార్ కేకు ముక్క కాగితం ప్లేటులో పెట్టుకుని తన గదిలోకి వెళ్ళిపోయాడు.

"ఏం అడిగావు?" అంది పక్క పిల్ల.

"లంచ్ అయిందా అని," అన్నాను.